ఊళ్లో హోమ్‌స్టేనా, తోటలో కాటేజీలా, స్టార్ హోటలా? పన్ను లెక్కలో ఏది ఎవరికి కలిసొస్తుంది

అరకు, మారేడుమిల్లి, దిండి, గండికోట, లక్నవరం, వికారాబాద్. ఎటు వెళ్లినా రోడ్డు పక్కన కొత్త గదులు లేస్తున్నాయి. కట్టేవాళ్లు ఆడిటర్ దగ్గరకు వెళ్లగానే అడిగేది ఒకటే: "పల్లెటూళ్లో టూరిజం పెడితే ఏ రాయితీ వస్తుంది?" ఈ ప్రశ్నతో మొదలుపెడితే పెద్ద పేరున్న రాయితీ వైపు మనసు లాగుతుంది. దాని కోసం అవసరం లేని గదులు కడతారు, చివరికి ఆ రాయితీ వాడుకునేంత లాభమే ఉండదు. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. లాభం ఎంత వస్తుంది? ఏ ఏడాదిలో వస్తుంది? ఎవరి పేరు మీద వస్తుంది?

సెక్షన్ నంబర్ల గురించి ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది, నంబర్లు మారాయి. పాత 44ఏడీ (చిన్న వ్యాపారాలకు అంచనా లాభం) ఇప్పుడు 58వ సెక్షన్, 35ఏడీ (కొత్త హోటల్ వంటి వాటి పెట్టుబడికి తగ్గింపు) 46వది, 115బీఏసీ (కొత్త పన్ను విధానం) 202వది. ఆడిటర్ల నోట్లో ఇంకా పాత నంబర్లే నలుగుతున్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

ఏడాదికి వసూలు ఎంత? గదుల సంఖ్యను 365తో గుణించి వేసే లెక్క పనికిరాదు. లంబసింగికి జనం వచ్చేది చలికాలంలో. కోనసీమకు సంక్రాంతి ఒక ఎత్తు, మిగతా ఏడాది ఒక ఎత్తు. నాలుగు గదులు, రోజుకు 2,500 చొప్పున, ఏడాదిలో 120 రోజులు నిండితే వచ్చేది 12 లక్షలు. ఈ అంకె నిజాయితీగా వేసుకుంటే సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

మీకు ఇంకే ఆదాయం ఉంది? చాలామంది దీన్ని పట్టించుకోరు, దెబ్బతినేది ఇక్కడే. వ్యాపార నష్టాన్ని జీతం మీద సర్దుబాటు చేయడానికి చట్టం ఒప్పుకోదు. కాటేజీల్లో వచ్చిన నష్టం చూపి జీతం మీద పన్ను తగ్గించుకుందామనే ఆలోచన మొదటి అడుగులోనే ఆగిపోతుంది. అదే మీకు ఇంకో వ్యాపారం గానీ అద్దెలు గానీ ఉంటే తరుగుదల, అంటే ఆస్తి విలువ ఏటా కరుగుతుందని లెక్కలో తీసేసే ఖర్చు, వెంటనే అక్కరకొస్తుంది.

పెట్టుబడిలో భూమి వాటా ఎంత? ఏ దారిలోనూ భూమి ఖరీదుకు మినహాయింపు రాదు. కోటి రూపాయల ప్రాజెక్టులో 60 లక్షలు భూమికే పోతే, రాయితీ లెక్క మిగతా 40 మీదే.

భూమి ఎవరిది? ఏజెన్సీ ప్రాంతంలో అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. గిరిజన భూముల బదలాయింపును ఆపే 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అమ్మకమే కాదు, లీజు, తనఖా కూడా బదలాయింపు కిందకే వస్తాయి. గిరిజనుడి పేరు మీద కాగితం రాయించుకుని పెట్టుబడి బయటివాళ్లు పెడితే, భూమి చేజారడంతో పాటు బినామీ చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది. అక్కడ కట్టిన భవనానికి ఎంత పన్ను రాయితీ వస్తుందని లెక్కేసి ప్రయోజనం లేదు.

## ఉన్నాయనుకుంటారు గానీ లేనివి

పల్లెల్లో కట్టే హోటళ్లకు లాభంలో సగం పన్ను లేకుండా పదేళ్లు ఇచ్చిన మాట నిజం. అది 80ఐబీ సెక్షన్ కింద, 2001 మార్చి 31 లోపు మొదలైన హోటళ్లకు. ఆ తలుపు ఎప్పుడో మూసుకుంది.

రాయలసీమ, ఉత్తరాంధ్ర జిల్లాలు, తెలంగాణలోని వెనుకబడిన జిల్లాల్లో యంత్రాలపై అదనంగా 15 శాతం ఇచ్చిన 32ఏడీ కూడా అంతే. అది తయారీ పరిశ్రమలకే, గడువు 2020 మార్చి 31తో ముగిసింది. హోటళ్లకు అది ఎన్నడూ వర్తించలేదు.

"గిరిజనులకు ఆదాయపు పన్ను ఉండదు" అన్న మాట అరకు, పాడేరుల్లో తరచూ వినిపిస్తుంది. సెక్షన్ 10(26) మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దిష్ట ప్రాంతాలకు, లద్దాఖ్‌కు చెందిన తెగలకే. అల్లూరి జిల్లాకు అది వర్తించదు.

ఇంకొకటి. తోటలో గది ఇచ్చినంత మాత్రాన ఆ అద్దె వ్యవసాయ ఆదాయం కాదు. తోటలో కాసిన కొబ్బరికాయలు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం. అదే తోటలో అతిథికి గది, భోజనం, ఎడ్లబండి షికారు అమ్మితే వచ్చేది వ్యాపార ఆదాయం. రెండూ ఒకే బ్యాంకు ఖాతాలో పడుతుంటే అధికారి ముందు విడదీసి చూపడం కష్టం. మొదటి రోజే రెండు ఖాతాలు తెరవండి.

## ఒక చూపులో

| దారి | ఎవరికి సరిపోతుంది | పన్నులో కలిసొచ్చేది | తేడా కొట్టే చోటు |
|---|---|---|---|
| 44ఏడీ, అంచనా లాభం | ఒకటి నుంచి ఆరు గదుల హోమ్‌స్టే, చిన్న కాటేజీలు | డిజిటల్ వసూళ్లలో 6%, నగదులో 8% మాత్రమే లాభంగా చూపితే చాలు | మధ్యలో వదిలేస్తే ఐదేళ్లు తిరిగి రాలేరు |
| మామూలు పుస్తకాలు, తరుగుదల | పెట్టుబడి ఎక్కువ, అప్పు ఎక్కువ ఉన్నవారు | భవనం 10%, యంత్రాలు 15%, సోలార్ 40% | నగదు చెల్లింపులు, 180 రోజుల నిబంధన |
| 35ఏడీ | కొత్తగా రెండు నక్షత్రాలు, ఆపైన హోటల్ కట్టే పాత హోటల్ యజమాని | భూమి తప్ప పెట్టుబడి మొత్తం ఒకేసారి తగ్గింపు | కొత్త పన్ను విధానంలో లేదు, నష్టాన్ని బయటి ఆదాయంపై సర్దలేరు |
| కట్టి లీజుకివ్వడం | ఊళ్లో ఉండి నడపలేనివారు | ఇంటి ఆదాయంగా 30% నేరుగా తగ్గింపు | తరుగుదల, నిర్వహణ ఖర్చులు చూపలేరు |

రాష్ట్ర పర్యాటక విధానాల రాయితీలు ఈ నాలుగింటికీ ప్రత్యామ్నాయం కావు. వీటిలో ఏది ఎంచుకున్నా పైన కలిసేవి. వాటి సంగతి తర్వాత.

## 44ఏడీ: చిన్నవాళ్లకు అన్నిటికన్నా పెద్ద రాయితీ

పేరులో టూరిజం లేదు, రాయితీ అన్న మాటే లేదు. అయినా ఊళ్లో నాలుగైదు గదులు నడిపేవాళ్లకు దీన్ని మించిన మేలు ఇంకే సెక్షన్‌లోనూ లేదు. టర్నోవర్ 2 కోట్ల వరకు దీన్ని వాడుకోవచ్చు. నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం దాటకపోతే ఆ పరిమితి 3 కోట్లు.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాదికి 18 లక్షలు వసూలైంది, అంతా యూపీఐ, బ్యాంకు ద్వారానే. అందులో 6 శాతం, అంటే 1,08,000 లాభంగా చూపితే చాలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్న నివాసికి రిబేటుతో పన్ను సున్నా. వేరే ఆదాయం లేని కుటుంబానికి వసూళ్లు కోటికి చేరినా చూపాల్సిన లాభం 6 లక్షలే, పన్ను పడదు. లెక్కల పుస్తకాలు రాయనక్కర్లేదు, ఆడిట్ లేదు. పన్ను పడే పరిస్థితి ఉంటే ముందస్తు పన్ను ఒకే వాయిదాలో మార్చి 15 లోపు కడితే సరిపోతుంది.

చిక్కులు నాలుగు.

ఒకటి, భాగస్వామ్య సంస్థ. అన్నదమ్ములిద్దరూ కలిసి ఫర్మ్ పెట్టి ఇదే దారి పడితే ఆ 6 లక్షల మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సు కలిపి 31.2 శాతం పడుతుంది. అంటే 1,87,200. ఫర్మ్‌కు శ్లాబులు లేవు, రిబేటు లేదు. పైగా 44ఏడీలో భాగస్వాముల జీతం, వడ్డీ విడిగా తీసేయడానికి వీల్లేదు. ఎల్ఎల్‌పీకి (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థకు) ఈ సెక్షనే వర్తించదు. ఒక్కరి పేరు మీద నడిపేదాన్ని మర్యాద కోసం ఫర్మ్ చేయకండి.

రెండు, ఆన్‌లైన్ బుకింగ్. అతిథి 3,000 కడితే వెబ్‌సైట్ కమీషన్ పట్టుకుని మీ ఖాతాలో 2,500 వేస్తుంది. మీ టర్నోవర్ 3,000, 2,500 కాదు. ఆ వెబ్‌సైట్ 0.1 శాతం టీడీఎస్ కోసేది మొత్తం సొమ్ము మీదే, మీ పేరు మీద కోసిన పన్ను వివరాలుండే 26ఏఎస్ పత్రంలో కనిపించేదీ మొత్తమే. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రిటర్న్ వేసేవాళ్లకు నోటీసులు వచ్చేది ఈ తేడాతోనే.

మూడు, బ్యాంకు అప్పు. రిటర్న్‌లో లక్ష లాభం చూపి, 15 లక్షల అప్పు కావాలంటే మేనేజర్ ఒప్పుకోడు. ఆరు శాతం అనేది కనీసం మాత్రమే, నిజంగా వచ్చింది ఎక్కువైతే అదే చూపాలి. వచ్చే రెండు మూడేళ్లలో విస్తరించే ఆలోచన ఉన్నవాళ్లకు 12 లక్షల లోపు నిజమైన లాభం చూపడం పైసా ఖర్చులేని పని. అప్పుకు కావాల్సిన చరిత్రా తయారవుతుంది.

నాలుగు, ఐదేళ్ల ముడి. ఒకసారి ఈ దారిలోకి వచ్చాక, తర్వాతి ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది "ఈసారి నష్టం" అని తక్కువ చూపితే, ఆ తర్వాత ఐదేళ్లు 44ఏడీ తలుపు మూసుకుంటుంది. పైగా ఈ దారిలో ఉన్నన్నాళ్లూ తరుగుదల ఇచ్చేసినట్టే లెక్క. ఐదేళ్ల తర్వాత మామూలు పుస్తకాల్లోకి మారితే భవనం విలువ కొన్నది కాదు, అప్పటికి కరిగిపోయిన విలువే.

హోమ్‌స్టే అంటే యజమాని అక్కడే ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో గదులు ఒకటి నుంచి ఆరు, పడకలు పన్నెండు మించకూడదు. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు కాబట్టి, ఈ రిజిస్ట్రేషన్ పత్రం చేతిలో ఉంటే బ్యాంకులో మాట సులువవుతుంది.

## మామూలు పుస్తకాలు, తరుగుదల: పెట్టుబడి బరువైతే

తోటలో ఎనిమిది కాటేజీలు, చిన్న వంటశాల, ఈత కొలను. భూమి కాక 60 లక్షలు. సగం అప్పు. ఇలాంటిచోట నిజమైన లాభం మొదటి మూడు నాలుగేళ్లు ఆరు శాతానికి కూడా చేరదు. పుస్తకాలు రాసి, వడ్డీ, తరుగుదల తీసేస్తేనే న్యాయం.

హోటళ్లు, లాడ్జీలకు భవనం మీద ఏడాదికి 10 శాతం తరుగుదల, ఫర్నిచర్‌కు 10, యంత్రాలకు 15, సోలార్ పరికరాలకు 40. ఆ 60 లక్షలను పంచితే:

| ఖర్చు | మొత్తం | రేటు | మొదటి ఏడాది తరుగుదల |
|---|---|---|---|
| భవనాలు | 40 లక్షలు | 10% | 4,00,000 |
| మంచాలు, బీరువాలు, సోఫాలు | 8 లక్షలు | 10% | 80,000 |
| ఏసీలు, మోటార్లు, జనరేటర్, వంటశాల | 7 లక్షలు | 15% | 1,05,000 |
| సోలార్ | 5 లక్షలు | 40% | 2,00,000 |
| మొత్తం | 60 లక్షలు | | 7,85,000 |

ఈ అంకె మొత్తం రావాలంటే ఆ ఆస్తి ఆ ఏడాదిలో కనీసం 180 రోజులు వాడకంలో ఉండాలి. అంటే అక్టోబర్ 3 నాటికి తలుపులు తెరవాలి. కార్తీక మాసం చూసి నవంబరులో గృహప్రవేశం పెట్టుకుంటే తరుగుదల సగానికి, 3,92,500కు పడిపోతుంది. మిగతా సగం ఎక్కడికీ పోదు, తర్వాతి ఏళ్లలో వస్తుంది. మొదటి ఏడాదిలోనే వేరే వ్యాపార లాభం తగ్గించుకోవాలనుకున్నవారికి మాత్రం లెక్క తప్పుతుంది.

చెక్క కాటేజీల గురించి. కేవలం తాత్కాలికమైన చెక్క కట్టడాలకు 40 శాతం తరుగుదల ఉంది. ఇది చూసి చెక్క గోడలున్న ప్రతిదానికీ 40 శాతం వేసేస్తుంటారు. కింద కాంక్రీటు పునాది, టైల్స్ వేసిన బాత్రూమ్, పైన చెక్క పలకలు ఉంటే అది తాత్కాలికం అని నిలబెట్టడం కష్టం, 10 శాతమే వస్తుంది. విప్పి మరోచోట పెట్టగలిగే కట్టడానికే ఆ రేటు. తాటాకు, రెల్లు కప్పును ఏటా మారుస్తారు కదా, ఆ ఖర్చు మరమ్మతు. దాన్ని ఆ ఏడాదే పూర్తిగా తీసేయవచ్చు. ఇది ఆడిటర్‌కు విడిగా చెప్పకపోతే భవనం ఖర్చులో కలిపేస్తాడు.

ఊరి కట్టుబడిలో డబ్బు జారిపోయే చోటు ఇంకొకటి ఉంది. శనివారం సాయంత్రం మేస్త్రీకి ముఠా కూలి మొత్తం 38,000 చేతికిస్తారు. ఇసుక ట్రాక్టర్ వాడికి 16,000 నగదు. ఒకే మనిషికి ఒకే రోజున 10,000 మించి నగదు ఇస్తే ఆ సొమ్ము ఆస్తి ఖరీదులో కలవదు. జీవితాంతం దాని మీద తరుగుదల రాదు. మేస్త్రీ ఖాతాకు యూపీఐ పంపి, కూలీలకు ఆయన ఇచ్చుకునేలా చూడండి. బిల్లు లేని చోట పేరు, పాన్, పని వివరం, సంతకంతో వోచరు రాయించండి. అరవై లక్షల ప్రాజెక్టులో పది లక్షలు ఇలా ఎగిరిపోవడం అరుదేమీ కాదు.

గదులు తెరవకముందు కట్టిన అప్పు వడ్డీ ఖర్చు కాదు, ఆస్తి ఖరీదులో చేరుతుంది. తెరిచిన రోజు నుంచి కట్టేదే ఖర్చు.

ఈ దారిలో ఉన్న అసలు బలం వేరు. లాభం చాలక మిగిలిపోయిన తరుగుదలకు కాలపరిమితి లేదు. దాన్ని జీతం తప్ప మిగతా ఏ ఆదాయం మీదైనా సర్దవచ్చు. అద్దెలు, వడ్డీలు, ఇంకో వ్యాపారం, అన్నిటి మీదా. కొత్త పన్ను విధానంలోనూ ఈ సౌకర్యం ఉంది. కింద చెప్పబోయే 35ఏడీకి ఇది లేదు.

ఉద్యోగాలిచ్చినందుకు 80జేజేఏఏ కింద అదనపు జీతాల్లో 30 శాతం మూడేళ్లు తగ్గించుకోవచ్చని చెబుతుంటారు. నిజమే. అయితే ఆ మనిషి జీతం నెలకు 25,000 మించకూడదు, పీఎఫ్ ఉండాలి, ఏడాదిలో 240 రోజులు పనిచేయాలి, మీ వ్యాపారం పన్ను ఆడిట్ పరిధిలో ఉండాలి. మూడు నెలల సీజన్‌కు మనుషుల్ని పెట్టుకునే చోట ఇది అందదు.

## 35ఏడీ: పేరు గొప్పది, వాడుకోగలిగేవాళ్లు కొద్దిమంది

2010 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన, రెండు నక్షత్రాలు ఆపై వర్గంలో కేంద్రం గుర్తించిన కొత్త హోటల్‌కు భూమి తప్ప పెట్టుబడి మొత్తాన్నీ ఒకే ఏడాది తీసేయవచ్చు. మూడు కోట్లు పెడితే మూడు కోట్లూ. దేశంలో ఎక్కడైనా సరే, కాబట్టి గండికోటకూ వస్తుంది, సోమశిలకూ వస్తుంది. కట్టేటప్పుడు పెట్టిన ఖర్చు కూడా తెరిచిన రోజు పుస్తకాల్లో ఆస్తిగా చూపితే కలుస్తుంది.

ఇక అడ్డంకులు. కొత్త పన్ను విధానంలో ఇది లేదు. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకున్నా లేదు. అంటే పాత విధానంలో ఉండి, ఎక్కువ రేటు భరించాలి. వ్యాపార ఆదాయం ఉన్నవారు కొత్త విధానం నుంచి బయటికి వెళ్లి, తిరిగి వచ్చాక మళ్లీ బయటికి వెళ్లడానికి వీలుండదు. వ్యక్తులకు, ఫర్మ్‌లకు 18.5 శాతం ప్రత్యామ్నాయ కనీస పన్ను కూడా ఉంది. 35ఏడీ కింద తీసేసినది వెనక్కి కలిపి, మామూలు తరుగుదల మాత్రమే తగ్గించి ఆ లెక్క వేస్తారు. "పన్ను సున్నా" అన్న మాట అక్కడే చెదురుతుంది.

నష్టం సంగతి ఇంకా గట్టిది. మొదటి హోటల్ కట్టినవారికి తొలి ఏడాది లాభం పది లక్షలు వచ్చిందనుకోండి, తగ్గింపు మూడు కోట్లు. మిగిలిన 2 కోట్ల 90 లక్షల నష్టం ఎన్నేళ్లయినా ముందుకు వెళ్తుంది, కానీ 35ఏడీ జాబితాలో ఉన్న ఇలాంటి నిర్దేశిత వ్యాపారం లాభం మీదే సర్దాలి. రొయ్యల చెరువుల లాభం మీద గానీ, రియల్ ఎస్టేట్ లాభం మీద గానీ కుదరదు. అదే డబ్బుకు మామూలు తరుగుదల తీసుకుని ఉంటే కుదిరేది. కొత్తగా హోటల్ రంగంలోకి వచ్చే రొయ్యల రైతుకు 35ఏడీ కంటే సాదా తరుగుదల మెరుగని అనేది ఇందుకే.

ఎనిమిదేళ్లు ఆ ఆస్తిని హోటల్‌కే వాడాలి. మధ్యలో కల్యాణ మండపంగానో ఆసుపత్రిగానో మారిస్తే, తీసేసినదాంట్లోంచి తరుగుదల పోగా మిగిలింది ఆ ఏడాది ఆదాయంగా చేరుతుంది. హోటల్‌ను కట్టి, నడపడం మాత్రం హోటల్ చెయిన్ సంస్థకు అప్పగించినా రాయితీ పోదు.

నక్షత్ర వర్గీకరణకు కనీసం పది గదులుండాలి. హోమ్‌స్టే రిజిస్ట్రేషన్ దీనికి చెల్లదు, రాష్ట్రం ఇచ్చిన రిసార్ట్ గుర్తింపూ చెల్లదు. వర్గీకరణ ధ్రువపత్రం ఆలస్యమైతే ఏ ఏడాదిలో తగ్గింపు అన్నది వివాదమవుతుంది. అందుకే కేంద్ర పర్యాటక శాఖ వారి ‘నిధి’ పోర్టల్లో దరఖాస్తు పని తెరిచిన తర్వాతకు వాయిదా వేయకండి.

## కట్టి లీజుకిచ్చేస్తే

ఊళ్లో తాతల నాటి పెంకుటిల్లు బాగుచేసి, నడిపే మనిషికి నెలకు ఇంతని ఇచ్చేస్తే వచ్చే అద్దె ఇంటి ఆదాయం. అందులో 30 శాతం ఎలాంటి బిల్లులూ అడగకుండా తీసేస్తారు. 2024 సవరణ తర్వాత నివాస గృహాన్ని ఊరికే అద్దెకిచ్చి దాన్ని వ్యాపార ఆదాయంగా చూపడానికి వీల్లేదు. వంట, శుభ్రత, సేవలు మీరే చేస్తూ రోజువారీ గదులిస్తే అది వ్యాపారం. ఒప్పంద పత్రంలో ఎవరు ఏమి చేస్తారో రాసుకోకపోతే రెండిటికీ మధ్య ఇరుక్కుంటారు.

## జీఎస్టీ: 7,500 గీత

వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. దాటని హోమ్‌స్టే ఆన్‌లైన్ వేదిక ద్వారా గది అమ్మితే పన్ను ఆ వేదికే కడుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేదు. దాటితే 18 శాతం, క్రెడిట్ ఉంది. సిమెంటు, కట్టుబడి కాంట్రాక్టు మీద కట్టిన జీఎస్టీ ఏ రేటులోనూ తిరిగి రాదు. కాబట్టి 18 శాతంలోకి వెళ్తే భవనం మీద పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏసీలు, ఫర్నిచర్ మీద క్రెడిట్ రానప్పుడు ఆ పన్నును ఆస్తి ఖరీదులో కలిపి తరుగుదల తీసుకోండి.

కోనసీమవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. సంక్రాంతి మూడు రోజులకు 5,000 గదిని 9,000కు ఇస్తారు. ఆ మూడు రాత్రులకు 18 శాతం పడటంతో ఆగదు. ఏడాదిలో ఏ గదినైనా 7,500 దాటి ఇస్తే, తర్వాతి ఆర్థిక సంవత్సరం మొత్తం అదే ఆవరణలోని మీ భోజనశాలకు 5 బదులు 18 శాతం పడుతుంది. అదనపు మంచానికి తీసుకునే సొమ్ము కూడా గది విలువలో చేరుతుంది. పండగ ధరను 7,500 దగ్గర ఆపి, భోజనానికి, షికారుకు విడిగా బిల్లు వేసే వీలుందేమో ముందే ఆడిటర్‌తో కూర్చుని చూసుకోండి.

## రాష్ట్ర విధానాలు, గ్రాంట్లు

ఆంధ్రప్రదేశ్ 2024–29 విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తెలంగాణ 2025–30 విధానం తెచ్చింది. ఇలాంటి విధానాల్లో పెట్టుబడి రాయితీ, రాష్ట్ర జీఎస్టీ తిరిగి చెల్లింపు, స్టాంపు డ్యూటీ, విద్యుత్ సుంకం వంటివి పెట్టుబడి పరిమాణాన్ని బట్టి ఉంటాయి. పత్రికా ప్రకటన చూసి కాదు, జీవోతో పాటు అమలు మార్గదర్శకాలు చదివాకే అంకె రాసుకోండి. పని మొదలుపెట్టే ముందే నమోదు చేయించుకోండి. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు నివేదికలో ఈ సొమ్మును మొదటి రెండేళ్ల వాయిదాలకు లెక్కపెట్టకండి. ముందు ఖర్చు, తర్వాత దరఖాస్తు, ఆ తర్వాత నిధుల విడుదల.

ఐదు శాతం రేటులో ఉన్నవారికి క్రెడిట్ లేదు కాబట్టి పన్నంతా నగదుగానే కడతారు. రాష్ట్ర వాటా 2.5 శాతం. 40 లక్షల గది వసూళ్లకు అది లక్ష రూపాయలు. తిరిగి చెల్లింపు పూర్తిగా వచ్చినా ఏడాదికి వచ్చేది అంతే. దీని కోసం ప్రాజెక్టు పెంచుకోవడం అనవసరం.

వచ్చిన సొమ్ముకు కూడా పన్ను లెక్క ఉంది. ఆస్తి కొనడానికి ఇచ్చిన సబ్సిడీ ఆస్తి ఖరీదులోంచి తగ్గుతుంది. జీఎస్టీ తిరిగి వస్తే అది ఆ ఏడాది ఆదాయం. గిరిజన ప్రాంతాల్లో కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద కొత్తగా కట్టే హోమ్‌స్టేకు 5 లక్షల వరకు, మరమ్మతుకు 3 లక్షల వరకు సాయం ఉంది. తొమ్మిది లక్షల ఇంటికి ఐదు లక్షలు వస్తే తరుగుదల నాలుగు లక్షల మీదే.

## మీరు ఎవరైతే ఏది

కొబ్బరి తోటలో ఇల్లున్న కుటుంబం. 44ఏడీ, ఒక్కరి పేరు మీద, యూపీఐ వసూళ్లు, కొత్త పన్ను విధానం. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

అరకు లోయలో సొంత భూమి ఉన్న గిరిజన కుటుంబం. ముందు గ్రాంటు, తర్వాత 44ఏడీ. పన్ను పడకపోయినా రిటర్న్ వేయండి, రేపు అప్పుకు అదే ఆధారం.

వికారాబాద్ దగ్గర ఎకరం కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం 30 లక్షలు, కాటేజీల వసూళ్లు 25 లక్షలు అనుకుంటే, 44ఏడీలో 1,50,000 లాభం మీద 30 శాతం, సెస్సుతో 46,800. పుస్తకాలు రాస్తే ఇది సున్నా కావచ్చు, కానీ నష్టం జీతాన్ని తగ్గించదు. అప్పు పెద్దది కాకపోతే 44ఏడీ చాలు. భార్య పేరు మీద పెడితే పన్ను తప్పుతుందనేది పొరపాటు. మీరిచ్చిన డబ్బుతో ఆమె పెట్టిన వ్యాపారం లాభంలో ఆ పెట్టుబడి వాటా మీ ఆదాయంలోనే కలుస్తుంది. తల్లిదండ్రులకు ఇస్తే కలవదు.

ఇప్పటికే నక్షత్ర హోటల్ నడుపుతూ లాభంలో ఉన్నవారు. 35ఏడీ నిజంగా పనికొచ్చేది మీకే. కొత్త హోటల్ తగ్గింపును ఇలాంటి వర్గంలోని హోటల్ లాభం మీద సర్దుకోవచ్చు. అయినా ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఒకవైపు పాత విధానం, 35ఏడీ, కనీస పన్నుతో ఎనిమిదేళ్లు. ఇంకోవైపు కొత్త విధానం, సాదా తరుగుదలతో ఎనిమిదేళ్లు. రెండు మొత్తాల మధ్య తేడా చిన్నదైతే రెండోది పట్టుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో పెట్టాలనుకునేవారు. ప్రవాసులు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. 44ఏడీ నివాసులకే, 12 లక్షల రిబేటూ నివాసులకే. అందుకని తాతల ఇంటిని బాగుచేసి ఊళ్లో ఉన్నవారికి లీజుకివ్వడమే తేలిక. ప్రవాసికి అద్దె కట్టే మనిషి 31.2 శాతం టీడీఎస్ కోసి జమ చేయాలి, అది అన్నదమ్ముడైనా సరే. కోయకపోతే బాధ్యత కట్టినవాడిది. అంత కోత వద్దనుకుంటే ఆర్థిక సంవత్సరం మొదట్లోనే తక్కువ రేటు ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. లేదంటే రిటర్న్ వేసి, 30 శాతం తగ్గింపు పోను అయ్యే పన్ను మినహా మిగతాది వాపసు తీసుకోవచ్చు.